‘ఫలానా వారి అబ్బాయి’ అన్న మాట పక్కన పెట్టి రాయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ సాహిత్య పేజీని వారం వారం కత్తిరించి దాచుకునే పాఠకుణ్ణి. ఆ చనువుతోనే ఈ ఉత్తరం. రచయితల పిల్లలు రాసిన పుస్తకం మీద వ్యాసం వచ్చినప్పుడల్లా సగం జాగా తండ్రి గారికే పోతోంది. తండ్రి ఫొటో, తండ్రి పుస్తకాల పేర్లు, వ్యాసకర్తకు ఆయనతో ఉన్న పరిచయం, చివర్లో ‘తండ్రికి తగ్గ తనయుడు’ అని ఒక ముక్క. పుస్తకంలోంచి ఒక్క వాక్యమైనా కనబడదు. కొనాలో వద్దో పాఠకుడికి తెలియదు. తన పుస్తకం ఎలా ఉందో రాసిన మనిషికీ తెలియదు.

మార్టిన్ ఏమిస్‌ను చదివినప్పటి నుంచి ఈ బాధ నాకు ఎక్కువైంది. ఇంగ్లండులో వ్యంగ్య నవల అనగానే తలుచుకునే పేర్లలో ఆయనది ఒకటి. తండ్రి కింగ్స్లీ ఏమిస్ అంతకు ముందే పెద్ద పేరు. 1954లో వచ్చిన ఆయన ‘లక్కీ జిమ్’ను నేను టెంపరరీ లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో చదివాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని కుర్ర లెక్చరర్ ప్రొఫెసర్ ఇంటికి అతిథిగా వెళ్లి, రాత్రి సిగరెట్‌తో దుప్పటి కాల్చేస్తాడు. పొద్దున్నే లేచి కాలిన అంచుల్ని బ్లేడుతో కత్తిరిస్తూ కూర్చుంటాడు. ఆ టెన్షన్ నాకు తెలిసిందే కాబట్టి ఆ పేజీలు ఇప్పటికీ మరిచిపోలేదు.

అలాంటి తండ్రికి పుట్టి, అదే వృత్తిలోకి, అందులోనూ అదే వ్యంగ్యంలోకి దిగాడు మార్టిన్. మొదటి నవల ‘ద రేచెల్ పేపర్స్’ 1973లో వచ్చింది. అప్పటికి 24 ఏళ్లు. ‘లక్కీ జిమ్’కు వచ్చిన సోమర్‌సెట్ మామ్ అవార్డే దీనికీ వచ్చింది. తన మొదటి నవలను ఇంటిపేరు చూసి ఏ ప్రచురణకర్తయినా వేసేవాడేనని మార్టినే ఒప్పుకున్నాడు. ఆ మాట దాచుకోకపోవడం నాకు నచ్చింది. అయితే ఆయన్ను చదువు వైపు తిప్పింది తండ్రి కాదు. కామిక్స్ తప్ప మరేమీ పట్టని ఆ కుర్రాడి చేతిలో జేన్ ఆస్టెన్ నవల పెట్టింది సవతి తల్లి, నవలా రచయిత్రి ఎలిజబెత్ జేన్ హోవర్డ్. తర్వాత ఆ కుర్రాడే ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషులో ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నాడు. మన వ్యాసాల్లో వారసత్వం అంటే తండ్రి ఒక్కడే. ఇలాంటి తల్లి ఊసు ఎక్కడా రాదు.

1984లో వచ్చిన ‘మనీ’ నాకు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం దొరికింది. లోపలి పేజీలో రచయిత పేరు కింద పాత యజమాని ఎవరో పెన్సిల్‌తో ‘కింగ్స్లీ కొడుకు’ అని రాసుకున్నాడు. పది పేజీలు చదివేసరికి ఆ పెన్సిల్ రాత సంగతే మరిచిపోయాను. సినిమా తీస్తానని లండన్‌కీ న్యూయార్క్‌కీ మధ్య తిరిగే యాడ్ ఫిల్మ్‌ల డైరెక్టర్ జాన్ సెల్ఫ్ తాగి, తిని, ఖర్చుపెట్టి, చివరికి ఆ డబ్బు ఎవరిదో తెలిసేసరికి కుప్పకూలిపోతాడు. వాడి మీద అసహ్యం వేస్తుంది, జాలీ వేస్తుంది. తండ్రి రాసిన వాక్యంలా ఒక్క వాక్యం ఉండదు. తండ్రిది నింపాదిగా నడిచే వచనం, కొడుకుది ఊపిరి తిప్పుకోనివ్వదు.

ఆ నవలలో మార్టిన్ ఏమిస్ అనే పేరుతోనే ఒక రచయిత పాత్ర వస్తుంది. అక్కడికి రాగానే కింగ్స్లీ పుస్తకాన్ని గిరాటేశాడట. పాఠకుణ్ణి ఇలా ఆటపట్టించడం ఆయనకు సుతరామూ గిట్టదు. కొడుకు పుస్తకాలు తనకు నచ్చవని ఆయన దాచుకోలేదు. కొడుకూ రాసే తీరు మార్చుకోలేదు. అయినా తెగతెంపులు జరగలేదు. రాత్రిళ్లు ఒంటరిగా ఉండలేని భయం తండ్రికి ఉండేది. రెండో భార్య వెళ్లిపోయాక కొడుకులిద్దరూ కలిసి ఆయన్ను మొదటి భార్య, ఆమె అప్పటి భర్త ఉండే చోటే ఉండేలా ఏర్పాటు చేశారు. 1995లో తండ్రి పోయాక, 2000లో వచ్చిన ‘ఎక్స్‌పీరియన్స్’లో మార్టిన్ ఆయన గురించి ప్రేమగా రాశాడు, తాగుడూ మొండితనమూ కప్పిపుచ్చకుండా. ఇంట్లో వాళ్లే ఇంత నిక్కచ్చిగా ఉండగలిగితే, బయటివాళ్లం మనకెందుకు మొహమాటం?

అక్కడి పత్రికలూ తక్కువ తినలేదు. 1995లో ‘ది ఇన్ఫర్మేషన్’ వచ్చినప్పుడు నవల కంటే దానికి ఆయన అడిగిన దాదాపు 5 లక్షల పౌండ్ల అడ్వాన్సు గురించీ, ఆయన పళ్ల వైద్యం గురించీ ఎక్కువ రాశాయి. తండ్రికి 1986లో బుకర్ బహుమతి వచ్చింది. కొడుకు 1991లో తుది జాబితా దాకా వెళ్లి ఆగిపోయాడు. ఆ పోలిక ఆయన్ను చివరిదాకా వదల్లేదు. 2023 మే 19న, తండ్రిలాగే 73 ఏళ్ల వయసులో ఆయనా పోయాడు. సరిగ్గా ఆ రోజే ఆయన నవల ఆధారంగా తీసిన ‘ద జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’ సినిమాను కాన్ ఫెస్టివల్‌లో మొదటిసారి వేశారు.

మా నాన్నగారు మా ఊళ్లో హైస్కూల్ టీచర్. నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినా రిటైర్మెంట్ సభలో అందరూ ‘మాస్టారి అబ్బాయి’ అనే పిలిచారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ ముప్పై ఏళ్లలో నేను ఎలా చెప్పానో ఒక్కరూ చెప్పలేదు. ఇంటికొచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను.

అందుకే అడుగుతున్నాను. పుస్తకంలోంచి కనీసం నాలుగు వాక్యాలు చూపించి, బాగుంటే ఎందుకు బాగుందో, లేకపోతే ఎక్కడ తేలిపోయిందో చెప్పే సమీక్షలు వేయండి. తండ్రి పేరు అవసరమైతే ఒక్కసారి చాలు.

వచ్చే నెల మా జిల్లా రచయిత ఒకరి కూతురు కథల పుస్తకం వస్తోంది. ఆయన నాకు నలభై ఏళ్ల మిత్రుడు. ఆ పుస్తకాన్ని సమీక్షకు దయచేసి నాకు పంపకండి. ఆయన్ని ఎరగని వాళ్లకు ఇవ్వండి. ఆ అమ్మాయికి 26 ఏళ్లు. తన కథ ఎలా ఉందో తెలుసుకోవాలని ఎదురుచూస్తోంది.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్, వరంగల్