వార్షిక నివేదిక: లైలా అబూజైద్‌తో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదంతా ఒకే రచయితను చదవాలని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. మొరాకో రచయిత్రి లైలా అబూజైద్ పేరు ఖాయమయ్యాక కొందరు పెదవి విరిచిన మాట నిజం. చివరి సమావేశానికి వాళ్లే ముందొచ్చి కూర్చున్నారు.

ఆమె 1950లో అట్లాస్ కొండల దగ్గరి ఎల్ క్సీబాలో పుట్టారు. తండ్రి జాతీయోద్యమంలో ఉండి ఫ్రెంచివారి జైళ్లకు వెళ్లారు. ఫ్రెంచి భాషంటే కూతురికి పట్టిన విముఖత వదల్లేదు. ఫ్రెంచిలో రాస్తేనే గౌరవం దక్కే చోట ఆమె అరబ్బీలోనే రాశారు. రబాత్‌లో, ఆ తర్వాత టెక్సాస్‌లో చదివారు. రేడియో, టీవీ, పత్రికల్లో పనిచేసి, 1992లో అవి మానేసి పూర్తిగా రచనలోకి వచ్చారు.

మనకు ఎక్కువ సమావేశాలు పట్టింది 'ఆమ్ అల్-ఫీల్'కే, అంటే 'ఏనుగు ఏడాది'. 1983లో వచ్చిన చిన్న నవల అది. ఆ పేరేమిటో మాకెవరికీ తెలియలేదు. మన ఉర్దూ మాస్టారు లేచి, ఖురాన్‌లోని ఫీల్ సూరా అయిదు వాక్యాలూ చదివి అర్థం చెప్పారు: మక్కా మీదికి ఏనుగుతో దండెత్తి వచ్చిన సేనను పిట్టలు రాళ్లు జారవిడిచి చిత్తు చేసిన కథ. ఫ్రెంచివారిని ఎదిరించిన మామూలు జనమే ఇక్కడ ఆ పిట్టలు. నవల నాయిక జహ్రా వాళ్లలో ఒకతె.

మొరాకోకు 1956లో స్వాతంత్ర్యం వచ్చింది. జహ్రాకు మాత్రం విడాకులు వచ్చాయి. కలిసి పోరాడిన మొగుడే, కాగితాలు పంపిస్తాను, చట్టం ఇమ్మన్నది ఇస్తాను అనేశాడు. ఆమె తప్పల్లా ఫోర్కుతో తినకపోవడం, ఫ్రెంచి మాట్లాడకపోవడం, మగవాళ్ల మధ్య కూర్చోకపోవడం. ఆ ఫోర్కు దగ్గర చదువు ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో చెంచాతో తినడం రాక అత్తగారింట్లో నవ్వులపాలైన సంగతి ఒక సభ్యురాలు చెప్పారు. ఆ వేళ టీ చల్లారిపోయింది. పుట్టినూరికి చేరిన జహ్రా చివరికి ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రంలోనే ఊడ్చే పనికి కుదురుతుంది. అది ఎత్తిపొడుపా, రాజీయా అన్న వాదన ఇంకా తెగలేదు. నా మట్టుకు నాకు ఎత్తిపొడుపే.

ఆ పుస్తకం 1989లో టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి ఇంగ్లీషులో వచ్చింది. మనం చదివింది అదే. చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోవడంతో ఒక్కో అధ్యాయానికి రెండేసి పూటలు పట్టాయి. అబూజైద్ తన బాల్యస్మృతులు రాసుకున్న పుస్తకం ఇంగ్లీషు అనువాదం (1998) వర్షాకాలంలో చదివాం. ఆడది తన సంగతి తానే చెప్పుకోవడం ఆ సమాజంలో మర్యాద కాదనుకునేవారట. ఆ జంకు ముందుమాటలోనే కనిపిస్తుంది. జైల్లో ఉన్న భర్త కోసం తిరిగిన తల్లి అందులో అసలు నాయిక అని చాలామంది అన్నారు. మగపిల్లలతో నిండిన తరగతిలో చదువుకున్న ఆయిషా కథ, 'చివరి అధ్యాయం' అనే నవల మాత్రం హడావిడిగా ముగించాం, తప్పు నాదే.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా చదువుతారు. చందా బాకీలు ఈ నెలాఖరులోగా కట్టండి. 'ఏనుగు ఏడాది' ప్రతి మనకున్నది ఒక్కటే. అది ఎవరింట్లో ఉందో వాళ్లు దయచేసి తెచ్చివ్వండి.

— కార్యదర్శి