దేవుడి పూలకు ఒక నీడ కావాలి: ఆలయ కమిటీ విజ్ఞప్తి

భక్తులకు నమస్కారం.

మామూలు రోజున మన గుడిలో రెండు బుట్టల నిర్మాల్యం తీస్తాం. శ్రావణ శుక్రవారమైతే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ సగం ఇక్కడే దిగిందా అనిపిస్తుంది. ఆ పూలు మర్నాడు ఏమవుతాయని అడిగినవాళ్లు తక్కువ. అడిగినా చెప్పడానికి మాకు మొహమాటంగా ఉండేది. చెత్త ఆటోలో వెళ్లేవి మరి.

రెండేళ్లుగా బంతి, చామంతి, గులాబీ, మందారం రేకులు ఒలిచి, ఎండబెట్టి, దాణాలో కలపడానికి ఇస్తున్నాం. బంతిలో లూటీన్ అనే పసుపు పదార్థం ఉంటుంది. కోడి ఒంట్లో అది తయారుకాదు, మేతలోంచే రావాలి. పచ్చసొనకు మంచి రంగు వచ్చేది అలాంటి మేత వల్లే. ఆవులకు వట్టి బంతి వేస్తే మూతి తిప్పుకుంటాయి, తవుడులో కొద్దిగా కలిపితే తినేస్తాయి.

"దేవుడి పూలు కోళ్లకు వేస్తారా?" అని కొందరు పెద్దలు కోప్పడ్డారు. వాళ్ల బాధ అర్థమైంది. కానీ చెత్త ఆటోలో డైపర్ల పక్కన పడి ఉండటం కన్నా ఒక ప్రాణి కడుపులోకి వెళ్లడం నయం కదా అన్నాం. ఇప్పటికీ ఒప్పుకోనివాళ్లున్నారు. వాళ్లు తమ పూలు విడిగా ఇస్తే మొక్కలకు ఎరువుగా వేస్తాం.

అసలు చిక్కు ఎండబెట్టడంలోనే ఉంది. పది కిలోల పచ్చి బంతి ఎండితే కిలో, కిలోన్నర మిగులుతుంది. మిగతాదంతా నీరే. ఆ నీరు త్వరగా పోకపోతే బూజు పడుతుంది. బూజు పట్టిన దాణాలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరవచ్చు. అది కోళ్ల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఆవు తింటే పాలల్లోకీ వస్తుంది. పోనీ మండుటెండలో పరుద్దామంటే రంగు వెలిసిపోతుంది. పోయిన శ్రావణంలో మేడ మీద టార్పాలిన్ పరిచి ఆరబోశాం. రాత్రి వాన కొట్టింది. తెల్లారేసరికి మూడు రోజుల కష్టం ముద్దయి కూర్చుంది. తప్పు మాదే, వానాకాలంలో ఆకాశాన్ని నమ్మాం.

అందుకే మేడ మీద రేకుల షెడ్డు, 40 జాలీ ట్రేలు, ఒక వేడిగాలి డ్రయ్యర్ పెట్టాలనుకుంటున్నాం. మార్కెట్ పూల మీద పురుగుమందు ఉండొచ్చు కాబట్టి ల్యాబ్ పరీక్షలకు కూడా కొంత పక్కన పెడతాం. అన్నీ కలిపి మా అంచనా 2,40,000 రూపాయలు. కమిటీ దగ్గర 60,000 ఉన్నాయి. మిగతాది శ్రావణం లోపు మీరే సర్దాలి. ఒక ట్రేకు 1,200. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి ఇచ్చినా సంతోషమే. ఆఫీసులో రసీదు తీసుకోండి, రసీదు ఇవ్వనివాళ్ల చేతికి రూపాయి కూడా ఇవ్వకండి. ప్రతి పౌర్ణమికి లెక్కలు బోర్డు మీద పెడతాం.

డబ్బుతో పాటు ఇంకో సాయం. శివయ్యకు గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త తెచ్చేవాళ్లు దయచేసి ఎర్ర బుట్టలోనే వేయండి. గన్నేరు ఎండినా విషం పోదు, గుప్పెడు ఆకులు చాలు ఆవు ప్రాణం తీయడానికి. దండలకు స్టేప్లర్ పిన్నులు, జరీ దారం వద్దు. పిన్ను ఆవు కడుపులో గుచ్చుకుంటుంది.

శనివారం సాయంత్రం ఆరింటికి దండలు విప్పుతాం. పిల్లల్ని కూడా తీసుకురండి. కత్తెర మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, గుడిలో ఉన్న రెండూ మొద్దుబారిపోయాయి.

ఇట్లు,
ఆలయ కమిటీ, హైదరాబాద్