పిట్టగోడకు ఊయల కట్టకండి

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరితే డాబాల మీద, పెరట్లలో వల ఊయలలు వెలుస్తాయి. కిందికి జారకూడదని చాలామంది వాటిని బిగదీసి కడతారు. అసలు ప్రమాదం అక్కడే. తాడు 30 డిగ్రీల వాలులో ఉంటే 80 కిలోల మనిషికి ఒక్కో కొసన పడే లాగుడు 80 కిలోలే. అదే 10 డిగ్రీలకు బిగిస్తే 230 కిలోలవుతుంది. అదీ దాదాపు అంతా పక్కకు లాగే బలం. నాలుగున్నర అంగుళాల పిట్టగోడ, ఇనుము లేని ఇటుక స్తంభం, గేటు దిమ్మె దాన్ని ఆపలేవు. విరిగి, పడుకున్నవారి మీదే పడతాయి. ఊపితే భారం ఇంకా పెరుగుతుంది.

కాంక్రీటు పిల్లరుకే కట్టండి. ఊయల తగిలించేందుకు రంధ్రం తొలిచి బిగించే 12 మి.మీ. యాంకర్ బోల్టు ప్లాస్టరింగ్ దాటి కాంక్రీటులో కనీసం మూడు అంగుళాలు దిగాలి. రంధ్రంలో దుమ్ము ఊదేయకపోతే పట్టు దొరకదు. చెట్టయితే బాగా లావెక్కిన వేప, మామిడి మేలు. మునగ వద్దే వద్దు, ఉన్నట్టుండి విరుగుతుంది. సన్నతాడు బెరడును కోస్తుంది, రెండంగుళాల పట్టీ వాడండి. మనిషి కూర్చున్నాక నేలకు అడుగున్నర ఎత్తు చాలు. ఎండకు పెళుసెక్కిన నైలాన్ తాడును వెంటనే మార్చేయండి.

– ఓ సివిల్ ఇంజనీరు, ఏలూరు