శ్లాబు పోయకముందే తనిఖీ జరగాలి

సంపాదకులకు,

భవన నిర్మాణ అనుమతుల విధానంలో ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన మార్పును, ఈ రంగంలో చాలాకాలం పనిచేసిన సివిల్ ఇంజినీరుగా మనస్ఫూర్తిగా స్వాగతించిన వారిలో నేనూ ఒకణ్ణి. 2020 నవంబరులో తెలంగాణలో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం మొదలయ్యాక, 75 చదరపు గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ఫ్లోరు, దానిపై ఒక అంతస్తు కట్టుకునే కుటుంబం ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే సరిపోయింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే, అంటే నిబంధనలు పాటిస్తామని యజమాని ఇచ్చే హామీతోనే, వెంటనే అనుమతి వచ్చింది. అంతకు మించిన భవనాలకు 21 రోజుల గడువు విధించారు. ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో 18 మీటర్ల ఎత్తు వరకు లైసెన్సు పొందిన ఇంజినీర్లు, ఆర్కిటెక్టుల ధ్రువీకరణను ఆమోదించే పద్ధతి తెచ్చింది. ప్లాను కాగితాలతో టౌన్ ప్లానింగ్ విభాగం చుట్టూ నెలల తరబడి తిరిగినవారెవరూ ఈ సౌలభ్యం వద్దనరు.

నా ఆందోళన అనుమతి చేతికి వచ్చిన తరువాత జరిగే పని గురించి. తెలంగాణలో తక్షణ అనుమతి ఇచ్చిన 21 రోజుల్లోపు అధికారులు పరిశీలన జరిపి, దరఖాస్తులో తప్పులుంటే దాన్ని రద్దు చేయవచ్చు. కానీ ఆ 21 రోజుల్లో చాలాచోట్ల ముగ్గు పోయడం తప్ప పని మొదలే కాదు. అప్పుడు చూడగలిగింది హక్కు పత్రాలు, రోడ్డు వెడల్పు, స్థలం కొలతలు మాత్రమే. పునాది ఎంత లోతు తీశారు, ఏ నేల తగిలింది, పిల్లర్లలో ఎంత కడ్డీ వేశారు అన్నవి అప్పటికి లేవు. అవి తయారయ్యే రోజున అక్కడ యజమాని, మేస్త్రీ తప్ప మరొకరు ఉండరు. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు, సైట్ ఇంజినీరుల పర్యవేక్షణలోనే నిర్మాణం జరగాలని అనుమతి పత్రాల మీద షరతు ఉంటుంది. చిన్న, మధ్యతరహా భవనాల విషయంలో ఆ పేర్లు ఎక్కువగా దరఖాస్తుకే పరిమితమవుతున్నాయని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

కాంక్రీటు పోశాక లోపల ఏముందో కంటికి కనపడదు. అందుకే శ్లాబు పోయడానికి ముందురోజు సాయంత్రం, సెంట్రింగ్ మీద కడ్డీలు కట్టి ఉన్నప్పుడు చేసే అరగంట పరిశీలన, భవనం పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసయోగ్యతా పత్రం) కోసం చేసే తనిఖీ కన్నా ఎంతో విలువైనది. పూర్తయిన భవనంలో సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) కొలవవచ్చు, అంతస్తులు లెక్కపెట్టవచ్చు. పిల్లరు బలాన్ని మాత్రం టేపుతో కొలవలేము.

2016 డిసెంబరులో హైదరాబాద్‌లోని నానక్‌రామ్‌గూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. వారిలో విజయనగరం జిల్లా నుంచి పనికోసం వచ్చిన కూలీలూ ఉన్నారు. 2024 నవంబరులో గచ్చిబౌలి సమీపంలోని సిద్ధిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాదుల కోసం గోతులు తీయగా, చిన్న స్థలంలో నిలువునా కట్టిన భవనం ఒరిగిపోయి, మర్నాడే దాన్ని కూల్చివేయవలసి వచ్చింది. 2025 మార్చిలో భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలిపోయింది. వీటికి స్వీయ ధ్రువీకరణ విధానమే కారణమని నేను అనడం లేదు. నానక్‌రామ్‌గూడ దుర్ఘటన ఆ విధానం రాకముందే జరిగింది. అయితే పని సాగుతున్నప్పుడే అర్హుడైన ఇంజినీరు వచ్చి, ఆపమని చెప్పే ఏర్పాటు ఉండి ఉంటే, ఆ కూలీల్లో కొందరైనా ఈనాడు బతికి ఉండేవారని నేను నమ్ముతున్నాను.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, మీరట్‌కు చెందిన ఒక కేసులో ఇచ్చిన తీర్పులో దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. ఆమోదించిన ప్లానును నిర్మాణ స్థలంలో అందరికీ కనిపించేలా పెట్టాలని, అధికారులు నిర్ణీత కాలవ్యవధుల్లో తనిఖీ చేసి నివేదికలు భద్రపరచాలని అందులో ఉంది. మా ఊళ్లో కడుతున్న భవనాల ముందు సిమెంటు కంపెనీల బోర్డులు కనిపిస్తున్నాయి కానీ, ఆమోదం పొందిన ప్లాను ఎక్కడా కనిపించదు.

తనిఖీలు పెంచితే లంచాలు మళ్లీ మొదలవుతాయన్న భయం సహేతుకమైనదే. మామూళ్లు ఇవ్వలేక ఇంటిపని మధ్యలో ఆపుకున్నవారు నాకూ తెలుసు. ఆ పాత పద్ధతి తిరిగి రావాలని నేను కోరడం లేదు. ప్లింత్ (పునాదిపై నేలమట్టం వరకు కట్టిన భాగం), మొదటి శ్లాబు, చివరి శ్లాబు అనే మూడు దశల్లో, యజమానితో సంబంధం లేని లైసెన్సుడు ఇంజినీరును కంప్యూటరే లాటరీ పద్ధతిలో ఎంపిక చేయాలి. ప్రభుత్వ పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకులను కూడా ఈ జాబితాలో చేర్చవచ్చు. యజమాని శ్లాబు తేదీ నమోదు చేశాక 48 గంటల్లో అలా ఎంపికైన ఇంజినీరు రావాలి. రాకపోతే యజమాని తరఫు ఇంజినీరే ఫొటోలతో సంతకం చేసి పని కొనసాగించుకునే వీలుండాలి; కూలీలను, సెంట్రింగ్ సామగ్రిని రోజుల తరబడి ఖాళీగా నిలబెడితే ఆ నష్టం సామాన్యుడిదే. నివేదికను, ఫొటోలను, 28 రోజుల క్యూబ్ పరీక్ష (కాంక్రీటు బలాన్ని తేల్చే పరీక్ష) ఫలితాన్ని అనుమతుల పోర్టల్‌లో అందరూ చూడగలిగేలా ఉంచాలి. పక్కింటి గోడ వారగా లోతైన గోతులు తీసే ముందు ఆ ఇంటివారికి సమాచారం ఇవ్వడం తప్పనిసరి చేయాలి. 75 గజాల లోపు ఇళ్లు కట్టుకునే పేదలకు ఈ తనిఖీ రుసుమును పురపాలక సంఘమే భరించాలి, ఎందుకంటే ఇంజినీరును పెట్టుకునే స్తోమత లేనివారు వారే.

నిర్మాణం పూర్తయినట్లు అధికారులు ఇచ్చే ధ్రువపత్రం చూపాకే విద్యుత్, నీటి కనెక్షన్లు ఇవ్వాలని కూడా సుప్రీంకోర్టు అదే తీర్పులో చెప్పింది. ఆ ధ్రువపత్రం ఇవ్వడానికి ఈ మూడు దశల నివేదికలు ఉండి తీరాలన్న షరతును రెండు రాష్ట్రాల పురపాలక శాఖలు నిబంధనల్లో చేర్చాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత సివిల్ ఇంజినీరు,
హనుమకొండ