వచ్చే నెల నుంచి మారనున్న నా రేట్ల గురించి

నా చేత బ్రోషర్లు, కరపత్రాలు, అనువాదాలు రాయిస్తున్న విజయవాడ, గుంటూరు వ్యాపార మిత్రులకు నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నా రేట్లూ, పని ఒప్పుకునే పద్ధతీ మారుతున్నాయి. కారణం చెప్పకుండా కొత్త రేట్ల కాగితం ఒక్కటే వాట్సాప్‌లో పంపడం మర్యాద కాదనిపించి, ఈ మూడేళ్లలో నేను చేసిన పొరపాట్లతో సహా ఇది రాస్తున్నాను.

పత్రికలో సబ్ ఎడిటర్ ఉద్యోగం మానేసి గవర్నర్‌పేటలో మేడ మీద గది అద్దెకు తీసుకున్నప్పుడు నా లెక్క చాలా తేలికగా ఉండేది. జీతం 36,000 రూపాయలు. అనువాదానికి మాటకు రూపాయి. రోజుకు 1,500 మాటలు రాయగలను గనుక పాతిక రోజుల్లో జీతం దాటిపోతుంది. పని వెతుక్కునే రోజులు, బిల్లు కోసం తిరిగే రోజులు, యజమాని కట్టే పీఎఫ్ వాటా, కరెంటు పోయిన మధ్యాహ్నాలు ఆ లెక్కలో లేవు. నిరుడు రాసుకున్న డైరీ తిరగేస్తే, నెలలో నిజంగా రాతకు దక్కినవి పదకొండు, పన్నెండు రోజులే.

మాటకు రూపాయి అన్నదానిలో ఇంకో మెలిక ఉంది. ఇంతకాలం పూర్తయిన తెలుగు ప్రతిలో మాటలు లెక్కపెట్టి బిల్లు వేశాను. మన భాషలో ప్రత్యయాలు మాటకు అతుక్కుపోతాయి కనుక, ఇంగ్లీషులో అయిదారు మాటలు పట్టే సంగతి ‘చల్లలేకపోయినందువల్ల’ అనే ఒక్క మాటలో ఇమిడిపోతుంది. వెయ్యి మాటల ఇంగ్లీషు నా చేతిలో సుమారు ఏడు వందలకు దిగుతుంది. వాక్యం ఎంత పొందికగా కుదిరితే బిల్లు అంత తగ్గుతుంది. నీళ్లు కలిపిన తెలుగుకే ఎక్కువ డబ్బు వచ్చే ఈ ఏర్పాటు చేసుకున్నది నేనే గనుక ఎవరినీ అనడానికి లేదు. ఇకపై మీరిచ్చే ఇంగ్లీషు ప్రతిలోని మాటలనే, మాటకు రూపాయి పావలా చొప్పున లెక్కిస్తాను. అంటే 700 రూపాయలు అయ్యే పనికి 1,250 అవుతుంది. ఇది చిన్న పెంపు కాదని నాకు తెలుసు.

రెండో మార్పు గడువుల్లో. కిందటేడు ఒకే వారంలో నాలుగు పనులు ఒప్పుకున్నాను. వాటిలో ఒకటి మిర్చికి కొట్టే పురుగుమందు కరపత్రం. ఇంగ్లీషు ప్రతిలో హెక్టారుకు 500 మిల్లీలీటర్లని ఉంది. మన రైతు ఎకరాల్లో చూసుకుంటాడని హెక్టారును ఎకరంగా మార్చాను, పక్కనున్న అంకెను మార్చడం మరిచాను. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు గనుక 200 రావాల్సిన చోట 500 పడింది. మూడు వేల కాపీలు అచ్చయి కట్టలు కట్టి ఉండగా, ఒక డీలరు ఆ అంకె మీద వేలు పెట్టి, “ఇదేంటండీ, ఇంత కొడితే ఆకు మాడిపోదూ?” అని అడిగారట. అదృష్టం కొద్దీ ఒక్క కాపీ కూడా రైతు చేతికి చేరలేదు. మళ్లీ అచ్చు వేయించిన ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ కంపెనీ వారు తర్వాత నాకు పని ఇవ్వలేదు, ఇవ్వకపోవడంలో తప్పేమీ లేదు. అందుచేత మోతాదులు, కొలతలు, ధరలు ఉన్న ఏ పనినీ రాసిన రోజే పంపను. మర్నాడు అంకెలను మాత్రమే విడిగా అసలు ప్రతితో సరిచూశాకే మీకు వస్తుంది. ‘సాయంత్రానికల్లా కావాలి’ అనే పనులు ఇక ఒప్పుకోలేను.

ప్రెస్సులో యూనికోడ్ ప్రతిని (ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా కనిపించే తెలుగు) అచ్చుపనికి వాడే ‘అను’ ఫాంట్లలోకి మార్చాక ఒత్తులు తారుమారవుతుంటాయి కనుక, మార్చిన తర్వాతి ప్రూఫ్ ఒకసారి నాకు పంపించండి. దానికి విడిగా డబ్బు తీసుకోను.

ఇక చెల్లింపులు. సగం ముందుగా, మిగతా సగం పని అందిన 15 రోజుల్లో ఇవ్వాలని కోరుతున్నాను. ఉద్యం నమోదు (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న నాలాంటి వారికి, ఒప్పందంలో ఎక్కువ గడువు రాసుకున్నా సరే, 45 రోజులు మించకుండా చెల్లించాలని చిన్న, మధ్య తరహా సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతోంది. చట్టం చూపించి అడిగే పరిస్థితి మన మధ్య రాకూడదనే ముందే చెబుతున్నాను. నా రాబడి ఏడాదికి 20 లక్షల లోపే కాబట్టి జీఎస్టీ వేయను. టీడీఎస్ కోసుకునేవారు దాన్ని నా పాన్ మీద జమ చేయించడం మరవవద్దు.

ఈ నెలాఖరులోగా ఇచ్చిన పనులన్నిటికీ పాత రేటే వర్తిస్తుంది. కొత్త రేటు భారమనిపించిన వారు మొహమాటపడకుండా చెప్పండి. తక్కువకు శ్రద్ధగా చేసే ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు, వారితో మాట్లాడి పెడతాను.