రిపోర్టు చేరితే చాలదు, పని ఎక్కడ ఆగిందో కూడా తెలియాలి

సంపాదకుడు గారికి నమస్కారములు.

మా ఆదోని ప్రాంతపు గ్రామాల్లో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఆభా (ఆరోగ్య ఖాతా) నంబర్లు చేయించారు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే ఈ 14 అంకెల నంబరుతో రోగి ఎవరో మిషన్‌లో చేరిన ఏ ఆసుపత్రి అయినా పోల్చుకోగలదు. కానీ ఆ రోగి కోసం ఒకచోట మొదలైన పని ఇంకోచోట ఎంతవరకు వచ్చిందో ఈ నంబరు చెప్పలేదు. ఆసుపత్రుల కంప్యూటర్లను కలపడం గురించి ఆలోచించేవారు ఈ లోటును ముందుగా పూడ్చాలని నా విన్నపం.

హిమోగ్లోబిన్ 7 గ్రాములకన్నా తగ్గి, తీవ్ర రక్తహీనతతో ఉన్న గర్భిణి సంగతే చూద్దాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఆమెను ఆదోనికి పంపుతారు, అక్కడ వీలుకాకపోతే దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లమంటారు. పంపినచోట కంప్యూటరులో ‘రెఫర్ చేశాం’ అని నమోదవుతుంది. చేరవలసినచోట వేరే సాఫ్ట్‌వేరు ఉంటే, ఆమె వస్తోందన్న కబురు అక్కడికి అందదు. ఆమె ఓపీ చీటీ రాయించుకుంటే కొత్త రోగిగా లెక్కలోకి వస్తుంది. బస్సు ఛార్జీలు లేకనో, తోడు వచ్చేవారు లేకనో ఇంట్లోనే ఉండిపోతే, ఆమె రాలేదన్న సంగతి ఏ తెర మీదా కనిపించదు. ఏఎన్ఎం ఫోన్ చేసి అడిగితేనే తెలుస్తుంది. ఒక్కో ఏఎన్ఎం ఇప్పటికే ఎన్ని యాప్‌లలో వివరాలు నింపుతోందో చూసినవారెవరూ ఈ భారాన్ని కూడా ఆమె మీదే వదిలేయలేరు.

డిజిటల్ మిషన్ ఏర్పాటును నేను తప్పుపట్టడం లేదు. రికార్డు ఎక్కడ తయారైతే అక్కడే ఉండాలి, రోగి సమ్మతి ఇచ్చాకే మరొకరికి చేరాలి అన్న పద్ధతి సరైనదే. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక దాని అవసరం మరింత పెరిగింది. అయితే ఎవరైనా అడిగినప్పుడే రికార్డు కదులుతుంది. ఆసుపత్రి గడప తొక్కని మనిషి రికార్డును ఎవరు అడుగుతారు?

దీనికి మార్గం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. ఆరోగ్య సమాచారాన్ని కంప్యూటర్ల మధ్య పంచుకోవడానికి మిషన్ అనుసరిస్తున్న ‘ఫైర్’ (FHIR) అనే అంతర్జాతీయ ప్రమాణంలోనే రోగి రిపోర్టుతో పాటు, జరగవలసిన పనిని కూడా విడిగా నమోదు చేసే వీలుంది. ఎవరు కోరారు, ఎవరు చేయాలి, అందిందా, ఒప్పుకున్నారా, జరుగుతోందా, పూర్తయిందా, కుదరదన్నారా అనే దశలు అందులో ఉంటాయి. ఆసుపత్రులన్నీ ఒకే సాఫ్ట్‌వేరు కొనవలసిన పనిలేదు. ఈ దశలను అన్ని ఆసుపత్రులూ ఒకే అర్థంలో వాడి, దశ మారినప్పుడల్లా కోరినవారికి కబురు చేరవేస్తే చాలు. కోరినవారికి గడువులోగా జవాబు రాకపోతే, ఆ రోగి పేరు సంబంధిత వైద్యాధికారి తెర మీద వెంటనే కనిపించాలి.

క్షయ వైద్యంలో ఇటువంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళతాయి. వారిలో మందులు వాడుతున్న క్షయ రోగి ఉంటే, క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ అయిన నిక్షయ్‌లో ఇక్కడి కేంద్రం బదిలీ కోరవచ్చు, అక్కడి కేంద్రం దాన్ని స్వీకరించవచ్చు. రెండు కేంద్రాలూ ఒకే సాఫ్ట్‌వేరు వాడుతున్నాయి కనుక అది సులభమైంది. వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య అదే పని జరగాలంటే ఉమ్మడి ప్రమాణం తప్పనిసరి. పైగా ఆదోని, ఆలూరు ప్రాంతాల వారు వైద్యానికి కర్ణాటకలోని బళ్లారికీ, రాయచూరుకూ కూడా వెళతారు కాబట్టి, జిల్లా వరకో రాష్ట్రం వరకో చేసుకున్న ఒప్పందం మాకు సరిపోదు.

కనుక వైద్య, ఆరోగ్య శాఖ ఇకమీదట ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ల కొనుగోలు టెండర్లలో, రిపోర్టులను పంచుకోవడంతో పాటు పని దశలను పంపడం, అందుకోవడం కూడా షరతుగా పెట్టాలి. సరఫరాదారు మాటను నమ్మి ఊరుకోకుండా, మరో సంస్థ సాఫ్ట్‌వేరుతో కలిపి పరీక్షించాకే బిల్లు చెల్లించాలి. మొదట ప్రమాదకర గర్భిణుల రెఫరల్స్‌తో, బయటి ల్యాబుకు పంపే రక్త పరీక్షలతో కర్నూలు జిల్లాలో దీన్ని ప్రారంభించాలని, ఇందుకోసం ఏఎన్ఎంల చేతికి మరో కొత్త యాప్ ఇవ్వవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు,
ఆదోని, కర్నూలు జిల్లా