41 నుంచి 89 దాకా: మన సంఘం ఈ ఏటి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన సంఘంలో కొందరు సైన్యంలో పనిచేసి వచ్చినవారు, కొందరు యంత్రాల మధ్య ఉద్యోగం ముగించుకుని వచ్చినవారు, మరికొందరు ఆ రెండూ చేసినవారు. పోయిన ఏటి సర్వసభ్య సమావేశం ముగిసే వేళకు ఒక సభ్యుడు లేచి నిలబడ్డారు. “నలభై రెండో ఏట సైన్యం నుంచి బయటికి వచ్చాను. నాకు చేతనైన పని అక్కడే ఉండిపోయింది. ఇంకా ఎన్ని ఏళ్లు బతుకుతానో తెలియదు. ఆ కాలమంతా ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా?” అని అడిగారు. వేదిక మీద ఉన్నవాళ్లం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. సరైన జవాబు ఎవరి దగ్గరా లేదు. ఈ ఏడాది మన పని అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మామూలు విషయాలు ముందుగా చెప్పేస్తాను. కార్యవర్గం నెలకోసారి సమావేశమైంది. జమాఖర్చుల లెక్కలు ఆడిటరు పరిశీలించి సంతకం చేశారు. ప్రతులు మీ అందరికీ ఈ నివేదికతోపాటే అందాయి. పింఛను కాగితాల విషయంలో సాయం కావాలని వచ్చిన సభ్యులకు, వారి కుటుంబాలకు ప్రతి శనివారం సలహాలు ఇచ్చాం. ఈ పనికి సమయం ఇచ్చిన ముగ్గురు సభ్యులకు సంఘం రుణపడి ఉంది. ముఖ్యంగా భర్తను కోల్పోయి ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక వచ్చిన మహిళలకు వారు చూపిన ఓర్పు నేను దగ్గరుండి చూశాను.

ఇక అధ్యయన సమావేశాల సంగతి. ఏటా నెలకో అంశం తీసుకునేవాళ్లం. ఈసారి ఏడాది పొడుగునా ఒకే మనిషి జీవితం చదువుదామని నిర్ణయించాం. ఆయన ఫ్రాంక్ విటిల్. బ్రిటిష్ వాయుసేన అధికారి, మెకానికల్ ఇంజనీరు, జెట్ ఇంజన్‌కు తొలి పేటెంట్లు తీసుకున్నవారిలో ఒకరు. 1907 జూన్ 1న కొవెంట్రీలో పుట్టి, 1996 ఆగస్టు 9న అమెరికాలో 89వ ఏట కన్నుమూశారు. ప్రపంచానికి ఆయన తెలిసింది, వాయుసేన నుంచి విరమించేదాకా గడిచిన తొలి నలభై ఒక్క ఏళ్ల వల్ల. మనకు కావలసింది ఆ తర్వాతి నలభై ఎనిమిదేళ్లు కూడా. అందుకే ఆయనను ఎంచుకున్నాం.

మొదటి రెండు సమావేశాలూ బాల్యానికే సరిపోయాయి. విటిల్ తండ్రి మెకానిక్, చిన్న వర్క్‌షాపు నడిపేవారు. ఆ పిల్లవాడు వాల్వులు, పిస్టన్ రింగుల మధ్యే పెరిగి, యంత్రాల మీద పని నేర్చుకున్నారు. 1923లో వాయుసేన అప్రెంటిస్ పరీక్ష రాసి నెగ్గారు. వైద్య పరీక్షలో మాత్రం వెనక్కి పంపేశారు. ఎత్తు 5 అడుగులే, ఛాతీ కూడా చాలలేదు. ఒక వ్యాయామ శిక్షకుడు చెప్పిన ప్రకారం ఆరు నెలలు కసరత్తు చేసి ఎత్తు 3 అంగుళాలు పెంచుకున్నారు. అయినా ఒకసారి కాదన్నవారిని మళ్లీ చూడబోమన్నారు. పట్టు వదలక కొత్తగా మళ్లీ దరఖాస్తు పెట్టుకుని, ఆ సెప్టెంబరులో క్రాన్‌వెల్‌లోని వాయుసేన శిక్షణ కేంద్రంలో అప్రెంటిస్‌గా చేరారు. ఇది చదివిన రోజు మన సభ్యులు చాలామంది తమ తమ భర్తీ రోజులు చెప్పుకున్నారు. తూకం తగ్గి తిరిగి వచ్చినవారు, మూడోసారికి చేరినవారు మన మధ్య ఎంతమంది ఉన్నారో ఆ రోజే తెలిసింది.

అప్రెంటిస్‌ల నుంచి కొద్దిమందికే అధికారి శిక్షణ దక్కేది. విటిల్ ఆ జాబితాలో కిందనే ఉన్నారు. పైనున్న ఒకరు వైద్య పరీక్షలో తప్పడంతో ఈయనకు చోటు దొరికింది. 1928లో క్యాడెట్‌గా ఆయన రాసిన వ్యాసంలోనే తర్వాతి కథంతా ఉంది. విమానం వేగంగా, దూరంగా పోవాలంటే గాలి పలుచగా ఉండే ఎత్తుల్లో ఎగరాలి. అక్కడ పిస్టన్ ఇంజన్‌కు, ప్రొపెల్లర్‌కు శక్తి చాలదు. మరి గంటకు 500 మైళ్ల వేగం ఎలా? అప్పటికి ఆయన వయసు 21.

జవాబు మరుసటి ఏడాది దొరికింది. దాన్ని మాకు అర్థమయ్యేలా చేసింది మాత్రం పుస్తకం కాదు, ఒక పాత టర్బోచార్జరు. మన సంఘంలో అందరికన్నా పెద్దవారు, సైనిక వర్క్‌షాపులో దాదాపు మొత్తం ఉద్యోగ జీవితం గడిపినవారు, మూడో సమావేశానికి గోనెపట్టలో చుట్టి తెచ్చారు. పాడైన లారీ ఇంజన్ నుంచి తీసినది. బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి, దాని మీద పెట్టి, ఒక్కొక్క భాగం విప్పారు. లోపల ఒక చిన్న ఇరుసు. ఒక కొసన వెండిలా మెరిసే అల్యూమినియం చక్రం, మరో కొసన మసిపట్టి నల్లబడిన నికెల్ మిశ్రమలోహపు చక్రం. ఆయన చూపుడువేలుతో నల్ల చక్రాన్ని తాకితే తెల్ల చక్రం కూడా తిరిగింది. “ఇటు నుంచి పొగ వెళ్తూ దీన్ని తిప్పుతుంది. ఇది తిరిగితే అది గాలిని లోపలికి నొక్కుతుంది. ఇక లారీ ఇంజన్‌ను మధ్యలో నుంచి తీసేయండి. ఆ చోట మంట మండే గది ఒకటి పెట్టండి. వెనక నుంచి మిగిలిన వేడిగాలిని సన్నని దారిన వదలండి. విటిల్ ఆలోచన ఇంతే” అన్నారు.

గదిలో కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. విటిల్ దారి కూడా ఇదే. గాలిని నొక్కడానికి మొదట పిస్టన్ ఇంజన్ వాడదామనుకున్నారు. 1929 చివరలో, పిస్టన్ ఇంజన్ బదులు టర్బైన్‌నే, అంటే వేడిగాలి తోపుకు తిరిగే ఆ నల్ల చక్రం లాంటిదాన్నే, పెడితే సరిపోతుందని తట్టింది. నిజానికి టర్బోచార్జరు అప్పటికే ఉంది. ఆ రెండు చక్రాలనూ ఇంజన్‌కు సాయంగా కాక, వాటినే ఇంజన్‌గా చూడగలగడం ఆయన గొప్పదనం. పెద్దాయన ఇరుసును పట్టుకుని అటూ ఇటూ కదిలించి, బేరింగులో వచ్చే సన్నని ఆట మాకు ఒక్కొక్కరికీ వేలితో తాకించి చూపారు. “ఇంత అరిగితే చక్రం గోడకు తగులుతుంది. అప్పుడు పని ముగిసినట్టే” అన్నారు. ఎనభై దాటిన చేతులు. వణుకు ఉంది, కానీ నట్టు మీదకు రెంచి వెళ్లగానే ఆ వణుకు ఆగిపోతోంది. ఆ సాయంత్రం నేను ఎక్కువసేపు చూసింది ఆ చేతులనే.

పేటెంటు కథ మనల్ని బాగా కలతపెట్టింది. 1930 జనవరి 16న విటిల్ దరఖాస్తు చేశారు. పేటెంటు పనిలో అనుభవం ఉన్న తోటి అధికారి ఒకరు అందుకు సాయపడ్డారు. వాయు మంత్రిత్వ శాఖ ఆసక్తి చూపలేదు. లెక్కలు చూసిన నిపుణుడు ఎ.ఎ. గ్రిఫిత్ ఈ ఆలోచన ఆచరణకు రాదన్నారు. అయిదేళ్ల తర్వాత, 1935 జనవరిలో, పేటెంటును కొనసాగించడానికి 5 పౌండ్ల రుసుము కట్టాలి. విటిల్ దగ్గర ఆ డబ్బు లేదు, ప్రభుత్వం కట్టనంది. పేటెంటు గడువు తీరిపోయింది. అదే ఏడాది మే నెలలో ఇద్దరు మాజీ సహచరులు ఆయనను కలిసి, దీన్ని తయారుచేద్దామని ముందుకు వచ్చారు. 1936 మార్చిలో పవర్ జెట్స్ సంస్థ ఏర్పడింది. అప్పుడు విటిల్ కేంబ్రిడ్జిలో మెకానికల్ సైన్సెస్ చదువుతున్న వాయుసేన అధికారి. వారానికి 6 గంటలకు మించి ఈ పని చేయకూడదని నియమం పెట్టారు. అదే ఏడాది ఆయన మొదటి శ్రేణిలో పట్టా పొందారు.

1937 ఏప్రిల్ 12న రగ్బీ పట్టణంలో ఇంజన్ తొలిసారి సొంతంగా తిరిగింది. ఆ నాటి వర్ణన మేం రెండుసార్లు చదువుకున్నాం. ఇంధనం వాల్వు మూసినా ఇంజన్ ఆగలేదు. కీచుమంటూ వేగం పెరిగిపోయింది, లోహం ఎర్రబడింది. చుట్టూ ఉన్నవారంతా పరుగెత్తారు. విటిల్ ఒక్కరే భయంతో కదల్లేక అక్కడే నిలబడిపోయారు. కారణం తర్వాత తెలిసింది. మొదలుపెట్టే ముందు కారిన ఇంధనం మంట గది అడుగున గుంటలా నిలిచిపోయింది. వాల్వు మూసినా అది మండుతూనే ఉంది. అడుగున పారుదల గొట్టం పెట్టి ఆ సమస్య తీర్చారు. తర్వాతి కాలం ఇంకా కఠినం. అంత చిన్న గదిలో అంత మంటను నిలకడగా మండించడం అంతవరకు ఎవరూ చేయలేదు. ఇంధనాన్ని సన్నని తుంపరలుగా చిమ్మే లబ్బాక్ బర్నరు 1940లో దొరికేదాకా ఆ చిక్కు విడలేదు. 1941 మే 15న క్రాన్‌వెల్ నుంచే, తను అప్రెంటిస్‌గా చేరిన చోటు నుంచే, గ్లాస్టర్ సంస్థ తయారుచేసిన విమానం ఆయన ఇంజన్‌తో ఎగిరింది. పైలట్ జెర్రీ సేయర్. గాలిలో ఉన్నది 17 నిమిషాలు.

ఇక్కడ మన సభ్యుల మధ్య గట్టి వాదం నడిచింది. జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ రూపొందించిన జెట్ ఇంజన్‌తో హైంకెల్ సంస్థ విమానం 1939 ఆగస్టు 27నే ఎగిరింది కదా, మరి ఘనత ఎవరిదని కొందరు పట్టుబట్టారు. నా అభిప్రాయం చెబుతాను. ముందు ఎగిరింది ఓహైన్ ఇంజన్. ముందు పేటెంటు విటిల్‌ది. ఆ ఇద్దరే ఆ తగవును పెద్దవయసులో పరిష్కరించుకున్నారు. స్నేహితులయ్యారు, కలిసి వేదికలెక్కారు, 1991లో ఇంజనీర్లకు ఇచ్చే చార్లెస్ స్టార్క్ డ్రేపర్ బహుమతిని ఇద్దరూ పంచుకున్నారు. యుద్ధంలో ఎదురెదురు పక్షాల్లో నిలిచిన ఇద్దరు ఇంజనీర్లు అలా పక్కపక్కన నిలబడ్డారంటే నాకు కళ్లు చెమర్చాయి. యుద్ధం చూసిన సభ్యులు ఇద్దరు ఆ రోజు మాట్లాడలేదు. వారు ఎందుకు మాట్లాడలేదో అందరికీ తెలుసు.

అసలు ప్రశ్నకు వస్తాను. 1944లో ప్రభుత్వం పవర్ జెట్స్‌ను తన చేతిలోకి తీసుకుంది. అప్పటికే మితిమీరిన పనితో విటిల్ ఆరోగ్యం దెబ్బతింది. నరాల నీరసంతో నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. 1948లో ఆరోగ్య కారణాల మీద ఎయిర్ కమొడోర్ హోదాలో వాయుసేన నుంచి విరమించారు. వయసు 41. ఆ ఏడాదే లక్ష పౌండ్ల పురస్కారం, సర్ బిరుదు దక్కాయి. లోకం దృష్టిలో ఆయన పని అయిపోయింది. అలసిన మనిషి అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు.

ఆయన ఆగలేదు, అలాగని మళ్లీ అంతటి ఆవిష్కరణ కోసం తహతహలాడనూ లేదు. కొన్నాళ్లు ఒక విమానయాన సంస్థకు సలహాదారుగా ఉన్నారు. 1953లో చమురు తవ్వకాల రంగానికి వెళ్లారు. అక్కడ ఆయన చేపట్టింది టర్బోడ్రిల్. బావి లోతు పెరిగేకొద్దీ మొత్తం గొట్టాన్ని పైనుంచి తిప్పడం కష్టం. పైనుంచి బురదనీటిని ఒత్తిడితో పంపి, అడుగున ఉన్న టర్బైన్‌నే తిప్పి, దానితో తొలిచే మొనను తిప్పాలనేది ఆలోచన. ఆకాశంలోని చక్రాన్ని భూమి లోపలికి దించారన్నమాట. ఇది విమానాల్లా పేరు తెచ్చిపెట్టలేదు. దాని మీద ఆయన చాలా ఏళ్లు పనిచేశారు. 1976లో అమెరికా వెళ్లారు. 70వ ఏట, 1977లో, అనాపోలిస్‌లోని నౌకాదళ అకాడమీలో పరిశోధన ఆచార్యులుగా చేరారు. యువ క్యాడెట్ల కోసం గ్యాస్ టర్బైన్ల ఉష్ణగతిశాస్త్రం మీద పాఠ్యపుస్తకం రాశారు. అది 1981లో వెలువడింది. క్యాడెట్‌గా వ్యాసం రాసినవారు యాభై ఏళ్లకు క్యాడెట్ల కోసం పుస్తకం రాశారు. చివరికి ఆయన చితాభస్మం క్రాన్‌వెల్‌కే చేరింది.

ఈ భాగం చదివిన సమావేశంలో, నిరుడు ప్రశ్న అడిగిన సభ్యుడు చివరి వరుసలో కూర్చుని ఉన్నారు. చాలాసేపు విని, “అంటే ఆయన కూడా తనకు తెలిసిన టర్బైన్‌నే మరోచోటికి తీసుకెళ్లారు” అన్నారు. మరుసటి నెల ఒక కొత్త నోటు పుస్తకంతో వచ్చారు. సైనిక వాహనాల గేరుబాక్సులు ఇరవై ఏళ్లు విప్పిన మనిషి ఆయన. ఏ శబ్దం వస్తే ఏ పళ్లచక్రం అరిగిందో, తన చేతికి తెలిసినదంతా రాయడం మొదలుపెట్టారు. ఇప్పటికి మూడో పుస్తకంలో ఉన్నారు. బొమ్మలు గీయడానికి డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన మరో సభ్యుడు తోడయ్యారు. ఈ సంవత్సరం మన సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే.

వచ్చే ఏటికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు సర్వసభ్య సమావేశం ముందు పెడుతోంది. ఒకటి, సభ్యుల పని అనుభవాలను ఇలాగే రాయించి, టైపు చేయించి గ్రంథాలయంలో ఉంచడం. రాయలేని పెద్దలు చెబితే రాసుకునే బాధ్యత సభ్యుల పిల్లలు, మనవలు తీసుకోవాలని మనవి. రెండు, సాంకేతిక విద్యార్థులను రెండు నెలలకోసారి మన సమావేశాలకు పిలవడం. రెండింటి మీదా మీ మాట చెప్పండి.

టర్బోచార్జరును పెద్దాయన సంఘానికే ఇచ్చేశారు. గ్రంథాలయం అలమరా కింది అరలో, అదే గోనెపట్టలో ఉంది. ఇంటికి తీసుకెళ్లి పిల్లలకు చూపాలనుకునేవారు రిజిస్టరులో సంతకం చేసి తీసుకెళ్లవచ్చు. తెల్ల చక్రం మీది నట్టుకు ఎడమ మర ఉంది. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. పిల్లల చేతికిచ్చే ముందు ఆ సంగతి వారికి చెప్పాలని పెద్దాయన మరీ మరీ చెప్పారు.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి